బొమ్మ నేర్పే వైద్యం

రేడియోలో మాట్లాడేవానికి ముఖంతో పని లేదని చాలామంది అభిప్రాయం. శ్రోతకు అందేది గొంతు ఒక్కటే కదా! కాని ఆ గొంతును మాటగా మలిచేది ముఖమే. ప, బ, మ అనే అక్షరాలను మన వైయాకరణులు ఓష్ఠ్యాలు అన్నారు. పెదవులు కలియనిదే అవి పలకవు. త, ద, న అనేవి దంత్యాలు. నాలుక పళ్ళను తాకనిదే అవి పుట్టవు. కింది దవడ ఒక గోరంత పక్కకు జరిగితే చాలు, వర్ణమాలలో సగం తడబడుతుంది. మాట సంగతి అట్లా ఉంచి, ఊపిరి పీల్చడం, అన్నం నమలడం, చూడడం, వాసన పట్టడం, నవ్వడం – ఇన్ని పనులు ఇంత కొద్ది చోటులో జరిగే భాగం శరీరంలో మరొకటి లేదు. ‘ముఖ్యం’ అనే మాట ముఖశబ్దం నుండి వచ్చినదే. మాట తప్పినవాడు ముఖం చాటువేస్తాడు. అవమానపడినవానికి నలుగురిలో ముఖం చెల్లదు. అటువంటి ముఖానికి దెబ్బ తగిలినప్పుడు అది ఒక ఎముక విరిగిన వ్యవహారంగా ముగిసిపోదు.

ముఖానికి తగిలే గాయాలను గుర్తించడం వైద్యవిద్యార్థికి ఎట్లా నేర్పవలె? ఈ ప్రశ్నకు ఇటీవలి కాలంలో దొరికిన ఒక సమాధానాన్ని గురించి ఈ ప్రసంగంలో నాలుగు మాటలు మనవి చేస్తాను. ఆ సమాధానం పేరు త్రిమితీయ ముద్రణ. వాడుకలో త్రీడీ ప్రింటింగ్ అంటున్నారు. పొడవు, వెడల్పు, మందం మూడూ కలిగిన వస్తువును యంత్రంతో అచ్చుతీయడం అన్నమాట. విరిగిన ముఖపు ఎముకలను ఈ విధంగా బొమ్మలుగా తీసి విద్యార్థి చేతికి ఇస్తారు.

ఈ విషయం మన గోదావరి మండలానికి దూరమైనది కాదు. పదహారవ నంబరు జాతీయ రహదారి ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం, రాజమహేంద్రవరం, అన్నవరం, తుని ప్రాంతాల మీదుగా సాగుతున్నది. 216వ నంబరు రహదారి కత్తిపూడి దగ్గర దాని నుండి విడివడి కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా సముద్రతీరం వెంట పోతున్నది. ఇవి కాక కాలువగట్ల మీది ఇరుకు దారులు ఎన్నో ఉన్నవి. కోతల కాలంలో రోడ్డు మీదనే ధాన్యం ఆరబోస్తారు. చీకటి పడిన తరువాత ఆ రాశి అంచున మోటారు సైకిలు చక్రం జారిందంటే ముందుగా నేలను తాకేది గడ్డమో, చెంపో. కోనసీమలో కొబ్బరిచెట్టు ఎక్కేవారు జారిపడితే వెన్నుకూ కాళ్ళకూ చేతులకూ తగిలే దెబ్బలతోపాటు ముఖానికీ తగులుతవి. దేశం మొత్తం మీద 2022వ సంవత్సరంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు నమోదైనవి. వాటిలో 1,68,491 మంది మరణించినారు. మరణించినవారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ప్రయాణం చేస్తున్నవారే. ప్రాణాలు దక్కినవారిలో ముఖం పగిలినవారు ఎందరో!

అటువంటి రోగిని మొట్టమొదట చూసేది ఎవరు? ముఖశస్త్రచికిత్సలో ఆరితేరిన నిపుణుడు కాదు. ఆయన ఏ కాకినాడలోనో, రాజమహేంద్రవరంలోనో, విశాఖపట్నంలోనో ఉంటాడు. అర్ధరాత్రి ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, తాలూకా ఆసుపత్రిలోనో మేలుకొని ఉన్నది నిన్నమొన్న పట్టం పుచ్చుకున్న యువవైద్యుడు, లేదా యువవైద్యురాలు. రక్తం తుడిచి, నాలుగు కుట్లు వేసి ఇంటికి పంపవలెనా, వెంటనే పెద్దాసుపత్రికి తరలించవలెనా అనే నిర్ణయం ఆ చేతిలో ఉన్నది. ఆ చేతికి మనం ఏమి నేర్పి పంపినాము అన్నదే అసలు ప్రశ్న.

ముఖాన్ని నేర్చుకోవడం కష్టం. పుర్రెలో మొత్తం 22 ఎముకలు. అందులో ముఖానికి చెందినవి 14. కొన్ని దిట్టమైనవి, కొన్ని కాగితం వలె పలుచనివి. వాటి మధ్య గాలితో నిండిన గదులు, కళ్ళ గుంటలు, నరాలు పోయే సన్నని రంధ్రాలు. పుస్తకంలోని పటం ఎంత చక్కగా గీసినా దానికి వెనుకవైపు ఉండదు. పటాన్ని తిప్పి చూడలేము. వైద్యకళాశాలలో విద్యార్థి చేతికి ఇచ్చే పుర్రెను తిప్పి చూడవచ్చు. కాని అది నిండుపుర్రె, ఎక్కడా విరగనిది. శవపరిచ్ఛేదనశాలలోని శరీరాలు కూడా సాధారణంగా వృద్ధాప్యంలోనో, వ్యాధి వల్లనో కన్నుమూసినవారివి. కాబట్టి విద్యార్థి నాలుగైదు సంవత్సరాలు నిండుముఖాన్ని చదువుకొని, ఒకనాటి రాత్రి విరిగిన ముఖాన్ని చూస్తాడు. అప్పటికే అది ఉబ్బిపోయి ఉంటుంది. కన్ను తెరుచుకోదు, ఎముక గీత చేతికి దొరకదు. చదివిన పాఠానికీ కంటి ఎదుట ఉన్న మనిషికీ పోలిక కుదరదు.

రోగి మీద చేయి వేయడానికి ముందు బొమ్మ మీద చేయి తిరగవలెను అనే ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. సుశ్రుత సంహితలో సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయమంతా ఇందుకే కేటాయించబడినది. దాని పేరు యోగ్యాసూత్రీయం. యోగ్య అంటే అభ్యాసం. గుమ్మడి, ఆనప, పుచ్చ, దోస వంటి కాయల మీద కోత అభ్యసించవలెనట. నీరో బురదో నింపిన తోలుతిత్తుల మీద చీల్చడం, వెండ్రుకలున్న చర్మం మీద గీకడం, చనిపోయిన పశువుల రక్తనాళాల మీద, తామరతూళ్ళ మీద గుచ్చడం, మందపు గుడ్డ మీద కుట్టు నేర్చుకోవలెనట. కట్లు కట్టడానికి మనిషి ఆకారంలో ఒక బొమ్మను చేయించి, అవయవాలవారీగా అభ్యసించమన్నాడు ఆచార్యుడు. ఎంత శాస్త్రం చదివినా అభ్యాసం లేనివాడు చికిత్సకు తగడని ఆ అధ్యాయం సారం. తెగిన ముక్కును తిరిగి నిర్మించే విధానాన్ని వర్ణించిన గ్రంథం కూడా అదే. ముఖాన్ని బాగుచేయడం, బొమ్మతో బోధించడం – రెండు విద్యలూ ఒకే గ్రంథంలో ఉన్నవి.

ఇక ముఖపు ఎముకలు ఏ క్రమంలో విరుగుతవో పరిశోధించినవాడు ఫ్రాన్సు దేశపు వైద్యుడు రెనే లెఫోర్. లిల్ నగరంలో ఆయన 35 శవాల తలలపై దెబ్బలు వేసి, పైనుండే మాంసం తొలగించి, ఎముక ఎక్కడెక్కడ చిట్లినదో పరీక్షించి, 1901లో ఫలితాలు ప్రకటించినాడు. వినడానికి కఠోరంగా ఉన్నా, ఆ పరిశోధన వల్ల తేలిన సత్యం గొప్పది. పై దవడ, ముక్కు, చెంపలతో కూడిన నడిముఖం ఇష్టం వచ్చినట్లు పగలదు. సహజంగా బలహీనమైన మూడు గీతల వెంట విడిపోతుంది. మొదటి గీత పై పళ్ళ వరుసకు కొంచెం ఎగువన పోతుంది. పళ్ళ పీఠం మాత్రం ఊడివస్తుంది. రెండవది ముక్కు మొదలు నుండి కళ్ళ కిందుగా దిగుతుంది. నడిముఖం గోపురం ఆకారంలో విడిపోతుంది. మూడవది కళ్ళ గుంటల గుండా పోయి ముఖాన్నంతటినీ పుర్రె నుండి వేరుచేస్తుంది. పైచర్మానికి పెద్ద గాయం లేకపోయినా లోపలి ఎముక ముక్కలై ఉండవచ్చునని కూడా ఆయన గమనించినాడు. నేటికీ ప్రపంచంలోని ప్రతి వైద్యవిద్యార్థీ ఈ మూడు గీతలను లెఫోర్ ఒకటి, రెండు, మూడు అని వల్లిస్తాడు. వల్లించడం సులభమే. గీతలు మూడు ఎముకలలోకి ఎట్లా చొచ్చుకొనిపోయి వెనుకవైపు ఎక్కడ తేలుతవో కంటికి కట్టించుకోవడం మాత్రం కష్టం.

మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల నుండి తల ఎత్తిన సైనికుల ముఖాలు ఛిద్రమైనవి. ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో 1917లో వారికోసం ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి వెలసినది. న్యూజిలాండులో పుట్టిన హెరాల్డ్ గిలీస్ అనే శస్త్రవైద్యుని ఆధ్వర్యంలో అక్కడ 5,000 మందికి పైగా సైనికులు చికిత్స పొందినారు. వైద్యవిద్య నేర్చి చిత్రకారుడైన హెన్రీ టాంక్స్ ఆ ముఖాలను రంగుచిత్రాలుగా గీసి ఇచ్చినాడు. ముఖాలకు అచ్చులు తీసి సున్నపుబొమ్మలు పోశారు. తరువాత వచ్చే వైద్యునికి ముందు వచ్చిన రోగి పాఠం కావలెనని వారి తాపత్రయం. అయితే సున్నపుబొమ్మ పైచర్మాన్ని మాత్రమే చూపుతుంది. లోపలి ఎముకను బ్రతికున్న మనిషిలో ఉన్నది ఉన్నట్లు చూడడానికి మరి అర్ధశతాబ్దం ఆగవలసి వచ్చినది.

ఆ పని చేసినది సి.టి. స్కాన్. 1971లో లండన్‌లో తొలిసారి ఒక రోగి తలను ఈ యంత్రం పరీక్షించినది. దానిని నిర్మించిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కు, అందుకు కావలసిన గణితాన్ని రూపొందించిన ఆలన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి లభించినది. ఈ యంత్రం ఎక్స్‌రే కిరణాలతో తలను అడ్డంగా పలుచని పొరలు పొరలుగా చిత్రిస్తుంది. ఆత్రేయపురం పూతరేకులను జ్ఞాపకం చేసుకొనండి. విడివిడిగా చూస్తే ఒక్కొక్క రేకులో ఆకారం ఏదీ తెలియదు. దొంతరగా పేర్చినప్పుడే రూపం వస్తుంది. స్కాన్‌లోని వందలాది పొరలను కంప్యూటరు అట్లా పేర్చి, వాటిలో ఎముక ఏదో మాంసం ఏదో సాంద్రతను బట్టి వేరుచేస్తుంది. మాంసాన్ని తొలగించి ఎముకను మాత్రం ఉంచితే తెర మీద విరిగిన పుర్రె ప్రత్యక్షమవుతుంది.

తెర మీది రూపాన్ని చేతికి అందించేది ముద్రణయంత్రం. జపానులో హిడియో కొడామా 1981లో ఈ దారి చూపినాడు. అమెరికాలో చార్లెస్ హల్ తన పద్ధతికి 1986లో పేటెంటు పొందినాడు. హల్ పద్ధతిలో కాంతి సోకినప్పుడు గట్టిపడే ద్రవాన్ని పొర తరువాత పొరగా ఘనీభవింపజేస్తారు. కళాశాలల స్తోమతకు అందేది మరొక పద్ధతి. అది ఇంచుమించు జంతికల గొట్టం వంటిది. ప్లాస్టిక్ తీగను వేడి చేసి, సన్నని రంధ్రం గుండా పిండుతూ, యంత్రం ఒక్కొక్క వరుస పరుస్తుంది. ఒక వరుస మందం మిల్లీమీటరులో పదవవంతో, అయిదవవంతో ఉంటుంది. మట్టిగోడ పెట్టేవారు కింది వరుస ఆరిన తరువాత పై వరుస పెట్టినట్లే, ఇదీ ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ పోతుంది. నిండుపుర్రె తయారు కావడానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టవచ్చు. ఇందుకు ఎక్కువగా వాడే ప్లాస్టిక్ మొక్కజొన్న పిండి వంటి పదార్థాల నుండి తయారయ్యేదే. కొత్తపేట విగ్రహశిల్పులు ముందుగా బంకమట్టితో ముఖాన్ని మలిచి, దానిపై అచ్చు తీసి, ఆ అచ్చులో విగ్రహం పోస్తారని మనకు తెలుసు. ఇక్కడ మట్టిబొమ్మా లేదు, అచ్చూ లేదు. స్కాన్ చిత్రమే మూలం.

ఈ బొమ్మ పాఠాన్ని ఎట్లా మారుస్తుందో రెండు ఉదాహరణలతో చెబుతాను. రెండూ పిల్లలకు సంబంధించినవి. ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోదగినవి.

జామచెట్టు మీది నుండి ఒక పిల్లవాడు పడినాడనుకొనండి. గడ్డం కింద చీరుకున్నది. ఆసుపత్రిలో నాలుగు కుట్లు వేసినారు; వారంలో గాయం మానినది; అందరూ మరిచిపోయినారు. కాని కింది దవడ ఆకారం గుర్రపులాడం వంటిది. దాని రెండు కొసలు పైకి వంగి చెవుల ముందు కీళ్ళుగా కుదిరి ఉంటవి. గడ్డానికి తగిలిన దెబ్బ గడ్డం దగ్గరే ఆగదు. లాడం వెంట పాకి, కొసన ఉన్న సన్నని మెడ దగ్గర ఎముకను విరుస్తుంది. దెబ్బ తగిలినది ఒకచోట, విరిగినది మరొకచోట. ఆ విరుగుడును గమనించక, నోరు కదిలించే అభ్యాసాలు చేయించక వదిలివేస్తే, కొందరు పిల్లలలో ఆ కీలు ఎముకతో పూడుకొనిపోతుంది. నెలలు గడిచేకొద్దీ నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. గడ్డం ఎదగదు, ముఖం పక్షిముఖం వలె వెనుకకు పోతుంది. ముద్ద నోటికి పోదు, నిద్రలో ఊపిరి సరిగా ఆడదు. అప్పుడు చేయవలసినది పెద్ద శస్త్రచికిత్స.

ఇటువంటి పిల్లవాని దవడ బొమ్మను విద్యార్థి చేతిలో పెట్టి, గడ్డం మీద వేలు ఉంచి, ఆ వేలిని లాడం వెంట చెవి దాకా నడిపించమంటే, పాఠం పూర్తి అవుతుంది. ఆ విద్యార్థి ఎప్పటికైనా గడ్డం చీరిన పిల్లవానికి కుట్లు వేసేటప్పుడు చెవుల ముందు కూడా వేలు పెట్టి చూస్తాడు, నోరు తెరవమంటాడు, తెరిచినప్పుడు గడ్డం ఒక పక్కకు ఒరుగుతున్నదా అని చూస్తాడు. పుస్తకంలో ఈ మాట ఒక పంక్తి. చేతిలో ఇది ఒక అనుభవం.

రెండవ ఉదాహరణ కంటికి సంబంధించినది. కంటి గుంట నేల ఒక పలుచని ఎముకరేకు. దాని కింద చెంపలోని గాలిగది. క్రికెట్ బంతో, మోచేయో కంటికి బలంగా తగిలితే ఆ రేకు కిందికి విరుగుతుంది. పెద్దవారిలో అది పెంకువలె చిట్లుతుంది. పిల్లలలో ఎముక పచ్చికొమ్మ వంటిది. వంగి, చీలి, తిరిగి యథాస్థానానికి లేస్తుంది. లేచేటప్పుడు ఎలుకబోను తలుపు వలె కంటి కండరాన్ని కరిచిపట్టుకుంటుంది. చిత్రమేమిటంటే, పైకి కన్ను తెల్లగా శుభ్రంగానే ఉంటుంది. వాపు కూడా అంతగా కనబడదు. పిల్లవాడు మాత్రం పైకి చూడలేడు, చూడబోతే నొప్పితో కన్ను మూసుకుంటాడు, వాంతులవుతవి, నాడి మందగిస్తుంది. ఈ లక్షణాలను చూసి తలకు దెబ్బ తగిలినదని మాత్రమే భావించి, పరిశీలనలో ఉంచి ఊరుకునే ప్రమాదం ఉన్నది. ఒకటి రెండు రోజులలో కండరాన్ని విడిపించకపోతే అది చచ్చుబడి, జీవితాంతం ఒకటి రెండుగా కనబడవచ్చు. బొమ్మలో ఆ చీలికలోనికి ఒక రబ్బరు ముక్కను కండరంగా దూర్చి లాగి చూసిన విద్యార్థికి ఆ పిల్లవాడు పైకి ఎందుకు చూడలేడో వేరే వివరించనక్కరలేదు.

లెఫోర్ మూడు గీతలు కూడా అంతే. మూడు ఖండాలను మూడు రంగులలో ముద్రించి, విడదీసి మళ్ళీ కలపమంటే, నెలల తరబడి వల్లించినది ఒక గంటలో బోధపడుతుంది. పైగా నేటి మోటారు వాహనాల తాకిడికి ముఖం లెఫోర్ గీతలకు కట్టుబడి విరగడం అరుదు. కుడివైపు ఒక తీరు, ఎడమవైపు మరొక తీరు. నిజమైన రోగి స్కాన్ నుండి తీసిన బొమ్మ ఈ తేడాను దాచదు. శస్త్రవైద్యులకు ఈ బొమ్మలు మరొక విధంగా ఉపయోగపడుతున్నవి. విరగని పక్క ఆకారాన్ని కంప్యూటరులో అద్దంలోవలె తిప్పి, విరిగిన పక్క ఎట్లా ఉండవలెనో బొమ్మ తీసి, టైటానియం పట్టీని ఆపరేషనుకు ముందే దాని మీద వంచి సిద్ధం చేసుకుంటారు. బల్ల మీద రోగి మత్తులో ఉండే కాలం అందువల్ల తగ్గుతుంది. కరోనా కాలంలో, 2021లో, బ్లాక్ ఫంగస్ సోకి దవడలు పోగొట్టుకున్నవారికోసం మద్రాసు ఐ.ఐ.టి. ఈ ముద్రణ పద్ధతిలోనే ముఖపు ఎముకలకు ప్రత్యామ్నాయాలు తయారుచేయడానికి పూనుకొన్నది.

ఇంతకూ బొమ్మతో నేర్చినవారు నిజంగా ఎక్కువ నేర్చినారా? ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయంలో 52 మంది విద్యార్థులను మూడు జట్లుగా చేసి గుండె నిర్మాణాన్ని బోధించినారు. ఒక జట్టుకు మానవదేహం నుండి తీసిన గుండెలు, ఒక జట్టుకు ముద్రించిన గుండెలు, మూడవ జట్టుకు రెండూ ఇచ్చినారు. 2016లో వెలువడిన ఆ ఫలితాలలో బొమ్మలతో నేర్చినవారికే మార్కులు ఎక్కువ వచ్చినవి. అయితే అది గుండె, ముఖం కాదు. పాఠం అయిన వెంటనే పెట్టిన పరీక్ష, పదేళ్ళ తరువాత అర్ధరాత్రి ఎదురయ్యే పరీక్ష కాదు. ఆ ఫలితాన్ని ఆ మేరకే తీసుకోవడం న్యాయం.

బొమ్మకు హద్దులున్నవి. బొమ్మ రక్తం కార్చదు; ఉబ్బదు; ఏడవదు. పళ్ళ మధ్య నుండి కారే నెత్తురు గొంతులోనికి పోయి ఊపిరి ఆగిపోయే భయం బొమ్మకు లేదు. ముఖం పగిలిన రోగి దగ్గర వైద్యుడు మొట్టమొదట చూడవలసినది ఎముక కాదు, ఊపిరి, తరువాత రక్తస్రావం, ఆపైన మెడ, మెదడు, కన్ను. ఆ వరుసక్రమం బొమ్మ నేర్పదు, గురువే నేర్పవలె. మరొక లోపం ఉన్నది. కాగితం వలె పలుచనైన ఎముకలను స్కాన్ సరిగా పట్టలేదు. కంటి గుంట నేలలో లేని రంధ్రం బొమ్మలో తేలవచ్చు. విద్యార్థి దానినే విరుగుడు అని భ్రమపడగలడు. అందుచేత బొమ్మ పక్కనే అసలు స్కాన్‌నూ, నిజమైన పుర్రెనూ పెట్టి చూపవలె. తమ శరీరాలను మరణానంతరం కళాశాలలకు దానం చేసే మహనీయుల ఋణం ఈ ప్లాస్టిక్ బొమ్మల వల్ల తీరదు.

మన ప్రాంతంలో ఈ బోధనకు తగిన క్షేత్రం ఉన్నది. కాకినాడలో రంగరాయ వైద్యకళాశాల 1958 నుండి ఉన్నది. రాజమహేంద్రవరంలోనూ, ఏలూరులోనూ 2023లో కొత్తగా ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. ఒక్కొక్కదానిలో 150 సీట్లు. రాజమహేంద్రవరంలో, అమలాపురంలో, ఏలూరులో ప్రైవేటు వైద్యకళాశాలలు, రాజమహేంద్రవరంలో, భీమవరంలో దంతవైద్య కళాశాలలు ఉన్నవి. 2019 నుండి అమలులోకి వచ్చిన వైద్యవిద్యా ప్రణాళిక, చదివినదానికన్న చేయగలిగినదానికి ప్రాధాన్యమిచ్చి, రోగిపై చేయడానికి ముందు నైపుణ్యశాలలో అభ్యాసం చేయమంటున్నది. యోగ్యాసూత్రీయం తిరిగి వచ్చినదని సంతోషించవచ్చు. విశాఖపట్నంలో వైద్యపరికరాల తయారీకి నెలకొల్పిన మెడ్‌టెక్ జోన్‌లో త్రిమితీయ ముద్రణకు సాధనాలు ఉన్నవి. ముద్రణకు వాడే ప్లాస్టిక్ తీగ కిలో వెయ్యి రూపాయల ప్రాంతంలో దొరుకుతున్నది.

కాబట్టి ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. కావలసినది ఏర్పాటు. దూరదేశాలలో తయారైన నిండుపుర్రె బొమ్మలు కొని అద్దాల బీరువాలో పెట్టినంత మాత్రాన ప్రయోజనం తక్కువ. మన రోడ్ల మీద, మన తోటలలో, మన కాలువగట్ల మీద విరిగిన ముఖాలే మన విద్యార్థికి పాఠం కావలె. రహదారి మీద మోటారు సైకిలు బోల్తాపడిన యువకుని చెంప ఎముక ఒకటి, కొబ్బరిచెట్టు నుండి పడినవాని నడిముఖం ఒకటి, గడ్డం మీద పడిన పిల్లవాని దవడ ఒకటి – ఇట్లా పది పదిహేను బొమ్మలను కూర్చి, పుస్తక భాండాగారంలో పుస్తకాల వలె కళాశాల నుండి కళాశాలకు పంపవచ్చు. ముద్రణకు కావలసిన సమాచారం ఒకసారి సిద్ధమైతే, ఎన్ని ప్రతులైనా తీయవచ్చు.

ఇందులో ఒక మర్యాద పాటించవలె. స్కాన్‌లో ఎముకతోపాటు చర్మపు రూపం కూడా ఉంటుంది. దాని నుండి మనిషి ముఖాన్ని పోల్చడానికి వీలవుతుంది. కనుక రోగి అనుమతి పొందవలె. పేరూ ఊరూ తీసివేయవలె. ముఖరూపాన్ని తొలగించి ఎముకను మాత్రమే ఉంచవలె. బాధపడినవాని బాధ మరొకరికి మేలు కావలెను గాని, వాని ముఖం ప్రదర్శనకు పెట్టరాదు.

ఇక గృహస్థులకు ఉపయోగపడే మాటలు కొన్ని. ముఖానికి దెబ్బ తగిలినవాడు స్పృహలో ఉండి, మెడనొప్పి లేకపోతే, వెల్లకిల పరుండబెట్టకండి. ముందుకు వంగి కూర్చోనిచ్చి నెత్తురు బయటికి పోనివ్వండి. స్పృహ లేకపోతే తలా మెడా శరీరంతో కలిపి ఒక్కసారిగా పక్కకు తిప్పి ఉంచి, 108కి కబురు చేయండి. ఊడిన పెద్దపన్నును వేరు పట్టుకొనక పైభాగం పట్టుకొని, పాలలో వేసి, వీలైతే గంటలోగా దంతవైద్యుని దగ్గరకు తీసుకొనిపొండి. కొబ్బరినీళ్ళు ఇందుకు పనికివస్తవని కొందరు చెప్పినా, వాటిలో ఆమ్లగుణం ఉన్నది, పాలే మేలు. గాయం చిన్నదే అనిపించినా మూడు ప్రశ్నలు అడగండి: పళ్ళు మునుపటివలె కలుస్తున్నవా? ఒక వస్తువు రెండుగా కనబడుతున్నదా? చెంపగాని పై పెదవిగాని మొద్దుబారినదా? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు అనుమానంగా ఉన్నా కుట్లతో సరిపెట్టుకొనక పెద్దాసుపత్రికి వెళ్ళండి. ముక్కు నుండి నీరువంటి ద్రవం కారుతున్నా అంతే, ముక్కు చీదనివ్వకండి. రోడ్డు మీద పడి ఉన్నవానిని ఆసుపత్రికి చేర్చినవారిని కేసులలో ఇరికించరాదని మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ విభాగం రక్షణ ఇస్తున్నది. భయపడి ముఖం తిప్పుకొని పోనక్కరలేదు. ఇక శిరస్త్రాణం సంగతి: నెత్తిని మాత్రమే కప్పే టోపీ దవడను కాపాడదు, గడ్డం దాకా వచ్చేదే ముఖాన్ని కాపాడుతుంది.

వైద్యుడు కూడా మనవంటి మనిషే. ఏ విద్యలోనైనా తొలిప్రయత్నంలో చేయి తడబడుతుంది. ఆ తడబాటును తప్పించలేము. అది రాత్రి రెండు గంటలకు ఒక పిల్లవాని ముఖం మీద జరగవలెనా, పగటిపూట గురువు ఎదుట ఒక ప్లాస్టిక్ దవడ మీద జరగవలెనా అన్నది మాత్రం మన చేతిలో ఉన్నది. విరిగిన బొమ్మ మరొకటి రేపు ఉదయానికి అచ్చువేసుకోవచ్చు. పిల్లవానికి ముఖం ఒక్కటే.